పెనం మీద మాడిన సంత్రా తొక్కలు

పోయిన డిసెంబరులో మా చెల్లెలి మనవరాలు నాకొక సెంటు సీసా తెచ్చింది. క్రిస్మస్ కోసమని ప్రత్యేకంగా చేసిందట, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ పూసుకోవచ్చట. ఇద్దరికీ ఒకటే వాసన అన్న సంగతి నిన్నగాక మొన్న ఎవరో కనిపెట్టినట్టు చెప్పింది. "చెయ్యి పట్టు అమ్మమ్మా" అని నా మణికట్టు మీద చిమ్మింది. లవంగం, దాల్చినచెక్క, సంత్రా తొక్క, ఏదో చెట్టు బెరడు. వాసన బాగానే ఉంది. నేను లేచి వెళ్ళి సబ్బుతో చెయ్యి కడుక్కున్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. ముసలిదానికి ఏం తెచ్చినా వంకలే అని వాళ్ళమ్మతో ఫోనులో చెప్పడం విన్నాను. నాకు ముక్కే కాదు, చెవులూ ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

వంక పెట్టడానికి లేవలేదు. దాదాపు ఇదే వాసన దగ్గర, నా ఇరవై రెండో ఏట, నేనొక అబద్ధం ఆడాను. పోలీస్ యాక్షన్ జరిగి హైదరాబాద్ ఇండియాలో కలిసిన నలభై ఎనిమిదో సంవత్సరం అది. ఆ అబద్ధం ఒక పెద్దమనిషిని బతికినంతకాలం ఒంటరిగా కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా లాక్కొచ్చాను.

మా ఇల్లు సికింద్రాబాద్ దగ్గర రాంగోపాల్‌పేట్‌లో ఒక సందు చివర ఉండేది. రెండు గదుల అద్దె ఇల్లు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి మిషన్ బడిలో పంతులుగా స్థిరపడ్డ మనిషి, చర్చిలో పెద్ద. సందు మొదట్లో అత్తరు కొట్టు. అది నడిపే ఆయన్ని నేను పుట్టినప్పటినుంచీ చాచా అనే పిలిచాను. భార్య లేదు. కూతురు పెళ్ళయి ఔరంగాబాద్‌లో ఉండేది. కొడుకు నా ఈడువాడు, తండ్రి దగ్గరే ఉండేవాడు.

మా క్రిస్మస్ అత్తరు నాన్నకూ చాచాకూ మధ్య పుట్టింది. మగవాళ్ళు హీనా, ఆడవాళ్ళు మల్లె, గులాబీ పూసుకుని వస్తే చర్చిలో కుడిపక్క ఒక వాసన, ఎడమపక్క ఒక వాసన. నాన్నకు అది నచ్చేది కాదు. పండుగ ఒకటే అయినప్పుడు వాసనా ఒకటే ఉండాలన్నాడు. "మీ పండుగ వాసన ఎట్లుంటది?" అని చాచా అడిగాడట. నాన్నకు అత్తర్ల సంగతి ఏం తెలుసు? బేకరీలో కేకు కాలే వాసన, క్రిస్మస్ చెట్టని ఇంట్లో నిలబెట్టే సరుగుడు కొమ్మ వాసన అని చెప్పాడు. చాచా దానికి లవంగం, దాల్చినచెక్క, జాజికాయ, సంత్రా తొక్క, దేవదారు పొట్టు కలిపాడు. "ఇది మొగోళ్ళది కాదు, ఆడోళ్ళది కాదు. పండుగది" అనేవాడు. క్రిస్మస్ పొద్దున చర్చి గుమ్మం దగ్గర ఇత్తడి పళ్ళెంలో అత్తరులో ముంచిన దూది ఉండలు పెట్టుకుని తండ్రీకొడుకులు నిలబడేవాళ్ళు. వచ్చినవాళ్ళందరూ ఒక ఉండ తీసి చెవి మడతలో పెట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళు. మొదట్లో ఒక పాస్టరు గారు ముఖం చిట్లించారు గానీ రెండో ఏటికి ఆయనా చెవి చాచారు.

నాన్న పోయాక ఆ పని నామీద పడింది. అప్పటికే నేను కూడా అదే బడిలో టీచరుని. నా ముక్కు మా ఇంట్లో పెద్ద నవ్వులాట. పక్కింట్లో పాలు విరిగితే మా వాకిట్లో చెప్పేదాన్ని. కుక్క పుట్టవలసింది తప్పి ఆడపిల్లగా పుట్టిందని అమ్మ అనేది. చాచాకు మాత్రం నా ముక్కంటే గౌరవం. మోండా మార్కెట్‌లో లవంగాలు, చెక్క నేను వాసన చూసి తెస్తేనే ఒప్పుకునేవాడు. సంత్రా తొక్కలు నవంబరు నుంచి మేడ మీద ఎండబెట్టేవాళ్ళం. డిసెంబరు మొదటి శనివారం ఆయన నీళ్ళ గంగాళంలో రాగి గిన్నె నిలిపి, గంధపు నూనెలో అన్నీ వేసి, సన్నని నిప్పుల మీద సగం రోజు కాచేవాడు. వడకట్టి తోలు తిత్తిలో పోసి రెండు వారాలు కదపకుండా ఉంచేవాడు.

చివరికి పరీక్ష. మొదటి చుక్క ఎప్పుడూ కొడుకు షేర్వాణీ కాలరుకే. "చర్మం మీద అత్తరు నిజం చెప్పది బిడ్డా. ఉన్ని బట్ట మీద ఎయ్యాలె. ఏడాది దాకా దాచి పెట్టుకుంటది" అనేవాడు. కాలరుకు ఒక పక్కనున్న పాత చుక్కనూ ఇంకో పక్క వేసిన కొత్త చుక్కనూ మార్చి మార్చి వాసన చూడమనేవాడు. నేను సరే అంటేనే పంపకం. ఆ కొడుకు మెడ చాచి నిలబడి, "తొందరగా చూడు టీచరమ్మా, చక్కిలిగిలి పెడుతున్నది" అని విసుక్కునేవాడు. చిన్నప్పుడు ఒకరి చెవిలో ఒకరం దూది పెట్టుకున్న వాళ్ళం. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు, ఎవరైనా ఊహించుకుంటే అది వాళ్ళ పనిలేనితనం.

నలభై ఏడు డిసెంబరులో నేను తొక్కలు ఎండబెట్టడం మర్చిపోయాను. పరీక్ష కాగితాలు దిద్దడంలో పడిపోయాను. శుక్రవారం సాయంత్రం గుర్తొచ్చింది. ఏం చెయ్యను, పచ్చి తొక్కల్ని పెనం మీద వేసి వేయించాను. సగం మాడాయి. పొద్దున్నే పట్టుకెళితే చాచా ఒక తొక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పెనం ఎక్కిచ్చినవా?"

"లేదు చాచా. ఎండ ఎక్కువైంది."

ఆయన పగలబడి నవ్వాడు. "డిసెంబరుల గంత ఎండ యాడిదే? నీ ముక్కు ఝూట్ చెప్పది గని, నీ నోరు చెప్తది." కొడుకు కూడా నవ్వాడు. మళ్ళీ తెస్తానన్నా వినలేదు. "ఈ ఏడు పండుగకు జెర పొగ తగిలింది. తగలనియ్యి. నూరు అత్తర్లల్ల సుత దీన్ని గుర్తుపట్టచ్చు" అని అవే వేశాడు. ఆ ఏడు చర్చిలో అందరి చెవుల్లోనూ నా మాడిన తొక్కల వాసనే. దాన్ని పోలింది అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

అప్పటికే ఊరు ఊరుగా లేదు. నిజాం రాజ్యాన్ని నిలబెడతామని రజాకార్లు ఖాకీ బట్టల్లో వీధుల్లో కవాతు చేసేవాళ్ళు. నల్లగొండ వైపు పల్లెలో బడిపంతులుగా ఉన్న మా మేనమామ వాళ్ళ ధాటికి ఇల్లు వదిలేసి, భార్యా ముగ్గురు పిల్లలతో మా రెండు గదుల్లోకి వచ్చి పడ్డాడు. చిన్నపిల్లకు నిద్రలో ఉలిక్కిపడడం అలవాటైంది. ఆగస్టులో ఒక మధ్యాహ్నం చాచా కొడుకు మా గుమ్మంలోకి వచ్చాడు. షేర్వాణీ వేసుకుని, చేతిలో మూట పట్టుకుని ఉన్నాడు. తానూ రజాకార్లలో చేరానని, బీదర్ వైపు పంపిస్తున్నారని, వెళ్ళొస్తానని చెప్పాడు. లోపల మా మేనమామ పిల్లలు ఆ మాట విని గోడవారకు జరగడం నాకు కనిపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పో. మళ్ళ ఈ గుమ్మం తొక్కకు. నువ్వు వాపస్ రాకుంటెనే మంచిది" అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. అతను నవ్వినట్టు మొహం పెట్టి, "క్రిస్మస్‌కు వస్త. నా చెవుల దూది తీసిపెట్టు" అని వెళ్ళిపోయాడు. అన్నందుకు ఆ రోజు నేను చింతించలేదు. నా కోపం అన్యాయమైన కోపమని ఇవాళ్టికీ అనను. మాట మాత్రం నాదే.

సెప్టెంబరులో నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది. ఇండియా పటాలం లారీలు సికింద్రాబాద్‌లోకి వచ్చిన రోజు జనం రోడ్లమీద విరగబడ్డారు. మా మేనమామ పూలదండ పట్టుకుని పరిగెత్తాడు. ఆ తోపులాటలో ఎవరో చాచాను నెట్టారు. కొట్టు మెట్టు మీద వెనక్కి పడి తల వెనక దెబ్బ తగిలింది. ఎవరూ కావాలని తొయ్యలేదనేవాడు ఆయన. ఆ గడ్డం, ఆ టోపీ చూసి కూడా కావాలని తొయ్యలేదంటే నేను నమ్మలేదు. గాయం మానింది. వాసన తెలియడం మాత్రం పోయింది. పూర్తిగా పోయింది. ఆయన వరసగా సీసాలు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం, మళ్ళీ మూత పెట్టడం నేను చూశాను. "నీళ్ళు బిడ్డా. అన్నీ నీళ్ళే" అన్నాడు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. వాసన తెలియని అత్తరాయన దగ్గర ఎవరు కొంటారు?

కొడుకు దగ్గరనుంచి కబురు లేదు. వెళ్ళినవాళ్ళు కొందరు జైళ్ళలో తేలారు, కొందరు గడ్డాలు తీసేసుకుని చాటుగా ఇళ్ళు చేరారు. బీదర్ వైపునుంచి మంచి వార్తలు రాలేదు. దౌర్జన్యాలు చేసినవాళ్ళతోపాటు చెయ్యనివాళ్ళూ పోయారని రైలు దిగిన వాళ్ళు గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు. చాచా రోజూ కొట్టు ముందు స్టూలు వేసుకుని స్టేషను వైపు తిరిగి కూర్చునేవాడు.

నవంబరులో ఒక శనివారం నేను బడి నుంచి వస్తుంటే ఆయన చేత్తో పిలిచాడు. కొట్లో రైల్వేలో పనిచేసే ఒక ఆయన కూర్చుని ఉన్నాడు. చాచా ఒళ్ళో నల్ల షేర్వాణీ. బీదర్ వైపు ఒక ఊరి బయట కొంతమందిని పూడ్చారట. అక్కడ మిగిలిన బట్టల్లో ఇది దొరికిందట. లోపల సికింద్రాబాద్ టైలరు గుడ్డ చీటీ ఉంటే, ఎవరి బిడ్డదో కనుక్కుందామని ఆ రైల్వే ఆయన మోసుకొచ్చాడు. కొడుకులు తిరిగిరాని ఇళ్ళు రెండు తిరిగాడు. కొలత చూసి తమది కాదన్నారు. ఇది మూడో ఇల్లు. గుండీలు లేవు. ఎడమ చంక కింద చినిగింది. అలాంటి నల్ల షేర్వాణీలు ఆ టైలరు వందలు కుట్టి ఉంటాడు.

చాచా దాని కాలరును ముక్కుకు అదుముకుని, తీసి, మళ్ళీ అదుముకుంటున్నాడు. నేను వచ్చేసరికి ఎంతసేపటినుంచి అట్లా చేస్తున్నాడో తెలియదు. ముక్కు కొన ఎర్రబడింది.

"నాకేం తెలుస్తలేదు బిడ్డా. పొడుగు సరిపోయింది. గని గింత పొడుగోళ్ళు పట్నంల ఎందరు లేరు? నువ్వు చూడు. పెనం వాసన ఉన్నదా?"

తీసుకున్నాను. మొదట మట్టి. తర్వాత చెమట, తుప్పు లాంటిది ఇంకేదో. కాలరు మడత విప్పి లోపల చూశాను. లవంగం వచ్చింది. దాని వెనక దేవదారు. వాటికి అడుగున సంత్రా, ఒక పక్క మాడి, చేదెక్కి. నా చేత్తో మాడ్చిన వాసన నాకు తెలియదా? నా పెనం, నా నిర్లక్ష్యం, నా శుక్రవారం సాయంత్రం అన్నీ ఆ మడతలో ఉన్నాయి.

"లేదు చాచా" అన్నాను.

"ఇంకోసారి చూడు."

చూశాను. చూడనవసరం లేకపోయినా చూశాను. "లవంగం ఉన్నది. పంటి నొప్పికి ఎవరైన పెట్టుకుంటరు. మన అత్తరు కాదు. పెనం వాసన లేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత రైల్వే ఆయనతో, "ఈ పిల్ల ముక్కు ఝూట్ చెప్పది భాయ్. మావోడు కాదు" అన్నాడు. ఆయన గొంతులో వచ్చిన ప్రాణం నేను విన్నాను.

జాలితో అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జాలి ఉంది, లేదనను. అంతకన్నా పెద్దది భయం. ఉంది అంటే, వాపస్ రాకుంటెనే మంచిది అన్న నా మాట నిజమైపోయినట్టు. ఆ మాట అన్న నోటితోనే ఆ తండ్రికి అతని చావు చెప్పాలి. నాకు చేతకాలేదు. నన్ను కాపాడుకోవడానికి ఆడిన అబద్ధం అది. ఆయన కోసమని పేరు పెట్టుకున్నాను.

రైల్వే ఆయన షేర్వాణీ మడత పెట్టబోతే చాచా ఆపాడు. "ఇడ్నే ఉండనియ్యి. ఎవరి పిల్లగానిదో. వాళ్ళోళ్ళు అడుక్కుంట వస్తే ఇస్త."

డిసెంబరు వచ్చింది. రజాకారు తండ్రి చేతి అత్తరు మనకెందుకని చర్చిలో ఒకరిద్దరు గొణిగారు. ఇన్నేళ్ళు చెవిలో పెట్టుకున్నప్పుడు ఎవరి తండ్రి అని అడిగారా అని నేను గుమ్మం ముందే కడిగేశాను. తొక్కలు ఆ ఏడు నెలరోజులు ఎండబెట్టాను. ఒక్కటి మాడలేదు. చాచా చేతులతో కాచాడు, నేను ముక్కుతో కాచాను. తోలు తిత్తి విప్పే రోజు ఆయన గోడకు తగిలించిన షేర్వాణీ తీసి ఒళ్ళో పరుచుకున్నాడు.

"మావోడు లేడు. మొదటి చుక్క దీనికే ఎయ్యాలె. ఎవరి కొడుకైతేంది, వానికి సుత పండుగే కద."

ఆపాలనిపించింది. పాత వాసన మీద కొత్తది పడితే ఇక ఏ ముక్కూ రెంటినీ విడదీయలేదు. ఇప్పుడు చెప్తే చెప్పినట్టు, లేకపోతే ఎప్పటికీ లేదు. గాజు పుల్ల కాలరులో సరిగ్గా ఆ మడత మీదికే వంగింది. నేను చూస్తూ కూర్చున్నాను. చుక్క బట్టలోకి ఇంకిపోయింది. నా గుండె మీద బరువు దిగినట్టయింది, అందుకు నామీద నాకే అసహ్యం వేసింది. ఆ ఏడు ఆయన చర్చి గుమ్మం దగ్గరికి రాలేదు. పళ్ళెం నేనే పట్టుకున్నాను. పంపకం అయ్యాక ఒక దూది ఉండ మిగిలింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక పుస్తకంలో పెట్టాను.

ఎండాకాలంలో కూతురు ఔరంగాబాద్ నుంచి వచ్చింది. భర్త కరాచీలో పని చూసుకున్నాడు. బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కుతున్నారు. తండ్రిని తీసుకుపోవడానికి వచ్చింది. గోడ మీది షేర్వాణీ చూసి ఆగిపోయింది, కాలరు ముక్కుకు ఆనించుకుంది. "అబ్బాజాన్, ఇది తమ్ముడిది" అని ఉర్దూలో అరిచి ఏడ్చింది.

"కాదమ్మా. డిసెంబరుల నేనే పూసిన. ఈ బిడ్డనడుగు."

ఇద్దరూ నావైపు చూశారు. కూతురి కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి. తమ్ముడు పోయాడని తెలిస్తే తండ్రి తనతో వస్తాడు, లేదంటే రాడు. ఆమె అడుగుతున్నది అదే. అది నాకు అర్థమైంది. అర్థమయ్యే అన్నాను: "ఎవరిదో అక్కా. మీ తమ్ముడిది కాదు."

ఆయన వెళ్ళలేదు. "వాడు వస్తే ఈ కొట్టుకే వస్తడు. తాళం పెట్టి ఉంటే యాడికి పోవాలె?" అన్నాడు. మనవల్ని ముద్దు పెట్టుకుని, ఒక్కొక్కరి చెవిలో దూది పెట్టి పంపాడు. వాళ్ళను మళ్ళీ చూడలేదు. ఉత్తరాలు వచ్చేవి, నేనే చదివి వినిపించేదాన్ని.

మరో నాలుగు డిసెంబర్లు మేమిద్దరం అత్తరు కాచాం. ప్రతి ఏడూ మొదటి చుక్క ఆ షేర్వాణీకే. చివరి ఏడు ఆయన చేతులు వణికి గాజు పుల్ల నేనే పట్టుకున్నాను. పని అయ్యాక తిత్తికి మూతి కడుతుంటే ఆయన గోడకు ఆనుకుని, నావైపు చూడకుండా అడిగాడు.

"బిడ్డా, ఆ రోజు నీకు పడిశం గిట్ల పట్టి ఉండెనా?"

ఏ రోజని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. అవును చాచా, ముక్కు దిబ్బడేసింది, సరిగా తెలియలేదు అంటే చాలు. అబద్ధమాడానని ఒప్పుకోనక్కర్లేదు. నాకు అవమానం లేకుండా ఆయనే తలుపు తీసి పట్టుకున్నాడు. ఆయనకు తెలుసో తెలియదో గానీ, తెలుసుకుని చచ్చిపోవాలని మాత్రం ఉంది. అది నాకు ఎంత స్పష్టంగా కనిపించిందో ఇప్పటికీ చెప్పగలను.

"లేదు చాచా. బాగనే ఉండె" అన్నాను.

"మంచిది" అన్నాడు. పళ్ళెం దగ్గరికి లాక్కుని దూది ఉండలు చెయ్యడం మొదలుపెట్టాడు.

మార్చి రాకముందే పోయాడు. కూతురికి ఉత్తరం నేనే రాశాను. కొట్టు ఖాళీ చేసేటప్పుడు ఇంటి యజమాని షేర్వాణీ నాకిచ్చాడు, ఎవరైనా అడిగి వస్తే ఇమ్మని ముసలాయన చెప్పాడట. ఎవరూ రాలేదు. చర్చిలో మళ్ళీ ఎవరికి తోచిన సెంటు వాళ్ళు పూసుకుని వచ్చారు. నేను ఏదీ పూసుకోలేదు.

పోయిన డిసెంబరులో అట్లా చెయ్యి కడుక్కున్నాక, పిల్ల వెళ్ళిపోయిన తర్వాత, ట్రంకు పెట్టె తీశాను. షేర్వాణీ కాలరు మడత విప్పి ముక్కుకు ఆనించుకున్నాను. చాలాసేపు చూశాను. లవంగం లేదు, దేవదారు లేదు, సంత్రా లేదు. కలరా ఉండల వాసన తప్ప ఏమీ మిగల్లేదు. పెనం వాసన ఉన్నదా అని చాచా ఇప్పుడడిగితే, లేదు అని నేను నిజమే చెప్పగలను.